ఏ టన్ను బాబాయి

కుమ్హారి దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోతే ఫోను తీశాను. మా చిన్నాన్న కొడుకు ఒక వీడియో పంపాడు. ఎడమ పక్కన దేశాల పేర్లు, వాటి పక్కన రంగురంగుల పట్టీలు, కింద సంవత్సరాలు గిర్రున తిరుగుతున్నాయి. ఏ దేశం ఎంత ఉక్కు తీస్తోందో ఏటికేడు చూపిస్తూ ఆ పట్టీలు పందెం గుర్రాల్లా ఒకదాన్నొకటి తోసుకుపోతున్నాయి. వెనకాల యుద్ధం మొదలవబోతున్నట్టు డప్పులు. ఇంగ్లండు పట్టీ కిందికి జారి కనబడకుండా పోయింది, రష్యా పట్టీ వచ్చి వెళ్ళింది, చైనా పట్టీ తెర చివరిదాకా సాగిపోయింది. చివర్లో మన పట్టీ పైకెక్కగానే జెండా ఎగిరింది. 'దీదీ, అందరికీ పంపు' అని హిందీలో రాశాడు మావాడు. నా బొటనవేలు బాణం గుర్తు మీదికి వెళ్ళింది కూడా. సరిగ్గా అప్పుడు, పక్క సీట్లో కూర్చున్నట్టే వినబడింది ఆ గొంతు.

"ఏ టన్నమ్మా?"

ఆ మాట అడిగే మనిషి పోయి అప్పటికి పదహారు రోజులు. వీడియో ఎవరికీ పంపలేదు. ఫోను సంచిలో పడేసి, భిలాయి వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆయన మాకు చుట్టం కాదు. విజయనగరం వైపు నుంచి వచ్చినవాడు, మాది శ్రీకాకుళం వైపు, అంతే సంబంధం. భిలాయిలో అది చాలు, బాబాయి అయిపోతాడు. ప్లాంటులో ఉత్పత్తి లెక్కలు రాసే సెక్షన్లో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరయ్యాడు. ఎర్ర పెన్సిలు ఒకటి ఎప్పుడూ చెవి మీద ఉండేది. కళ్ళజోడు జారితే వేలితో కాకుండా ఆ పెన్సిలు మొనతో పైకి తోసుకునేవాడు, అందుచేత ముక్కు మీద ఎప్పుడూ ఒక ఎర్ర మరక. హిందీవాళ్ళు ఆయన్ని 'కౌన్‌సా టన్ సాబ్' అనేవాళ్ళు. మేము 'ఏ టన్ను బాబాయి' అనేవాళ్ళం. రెండూ ఆయనకు తెలుసు, రెండిటికీ పలికేవాడు.

క్యాంప్ 2 మార్కెట్లో టీ కొట్టు దగ్గర ఎవరో పేపరు చదువుతూ ఉక్కులో ఫలానా దేశాన్ని దాటేశాం అంటారు. బాబాయి గ్లాసు కింద పెడతాడు. ఇక ఆ చదివినవాడి పని అయిపోయినట్టే. కొలిమిలోంచి కారిన ఇనుము టన్నా, పోతపోసిన ఉక్కు టన్నా, లారీ ఎక్కి గేటు దాటిన టన్నా? ఇంగ్లీషువాళ్ళ పాత టన్నా, అమెరికావాళ్ళ చిన్న టన్నా, మన వెయ్యి కిలోల టన్నా? పాపం, అతనికి తెలియదు. పేపరు వాడికీ తెలియదు. అప్పుడు బాబాయి ఆ పేపరు అందుకుని, అంకె నెత్తిన ఎర్ర పెన్సిలుతో నక్షత్రం గుర్తు పెట్టి, కింద ఖాళీలో ఒక వాక్యం రాసి తిరిగి ఇచ్చేసేవాడు. ఆయన భాషలో దాని పేరు 'సుక్క'. సుక్క లేని అంకె చూస్తే ఆయనకు అన్నం సహించదని పిన్ని, అంటే ఆయన భార్య, నలుగురిలో అనేది.

"నానొక్కదాన్నే నూరు గారెలు వండినానని సెప్పుకుంటే సాలు, పప్పు రుబ్బిందెవులని అడుగుతాడు ఈ మనిషి. రుబ్బింది ఆయనే."

వాళ్ళ ఇంటి గుమ్మం దగ్గర తలుపు కొట్టుకోకుండా రైలు పట్టా ముక్క ఒకటి పెట్టుకున్నారు, మూరెడుంటుంది. రూపాయల్లో చూస్తే పరిశ్రమలు పదేళ్ళలో ఇంత పెరిగాయి అని ఎవరైనా చెబితే, బాబాయి చెప్పు విడిచి ఆ ముక్కను కాలితో తట్టేవాడు. నన్ను చూపించి, ఈ పిల్ల పరికిణీ వేసుకునే రోజుల్లో దీని ధర ఇంత, ఇప్పుడు ఇంత, మరి ఇదేమైనా పెరిగిందా, కావాలంటే మోసి చూడండి అనేవాడు. వచ్చినవాళ్ళలో కొందరు నిజంగానే ఎత్తబోయి నడుం పట్టేసుకున్నారు. ఇంటికి పిలిస్తే ఇనుము మోయిస్తాడని ఆయనకు చెడ్డపేరు.

నాకు తెలుగు రాయడం నేర్పింది ఈయనే. నేను పుట్టింది ఇక్కడే, చదివింది హిందీలో. ఇంట్లో మాట్లాడడం తప్ప అక్షరాలు రావు. ఆదివారాలు తెలుగువాళ్ళ హాల్లో పిల్లలకు ఊరికే పాఠం చెప్పేవాడు. అందరూ అమ్మ, ఆవు రాయిస్తారు, ఈయన నాతో మొట్టమొదట రాయించిన మాట టన్ను. ఆ రోజు ఇంటికెళ్ళి పలక చూపిస్తే, మా అమ్మకు చదువు రాకపోయినా అదేమిటో చెప్పాక నవ్వు ఆపుకోలేకపోయింది. ఇసకైతే తనకు తట్టల్లో తెలుసు, టన్నుల్లో తెలియదంది.

మా అమ్మ భిలాయి పక్కనున్న హథ్‌ఖోజ్‌లో ఒక పోత కార్ఖానాలో రేజా. కూలికి వెళ్ళే ఆడవాళ్ళను ఇక్కడ అలాగే అంటారు. అచ్చులకు ఇసక తట్టలు మోయడం, పోసిన ముక్కలు చల్లారాక వాటికి అంటిన ఇసక రాల్చడం ఆమె పని. ఇరవై ఏళ్ళ పైన ఒకే గేట్లోంచి వెళ్ళి ఒకే గేట్లోంచి వచ్చింది. కానీ కార్ఖానా మనిషి కాదు, కూలీలను కాంట్రాక్టు మీద పంపే ఠేకేదారు మనిషి. ఈ తేడా ఏమిటో నాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. పెద్దయ్యాక అర్థమై ఒళ్ళు మండింది.

బాబాయిని అందరూ నెత్తిన పెట్టుకున్న రోజు ఒకటుంది. నేనప్పుడు కాలేజీలో ఉన్నాను. ఎక్కడి నుంచో ఒక పెద్దాయన ప్లాంటువాళ్ళ హాల్లో ఉపన్యాసానికి వచ్చాడు. తెర మీద రెండు పట్టీలు వేశాడు. ఒక విదేశంలో ఒక్క కార్మికుడు ఏడాదికి తీసే ఉక్కు, మన దేశంలో ఒక్క కార్మికుడు తీసే ఉక్కు. వాళ్ళది తాటిచెట్టంత, మనది తోటకూర కాడంత. మనవాళ్ళకు ఒళ్ళు వంగదు అని నోటితో అనలేదు గానీ నవ్వుతో అన్నాడు. హాలు నిండా ముప్పై ఏళ్ళు కొలిమి ముందు నిలబడ్డవాళ్ళు. అందరి తలలూ దిగాయి.

బాబాయి వెనక వరసలో లేచాడు. హిందీలోనే, మెల్లిగా, ఏ మనిషిని లెక్కపెట్టారని అడిగాడు. మన లెక్కలో ఆసుపత్రి నర్సు ఉంది, బడి పంతులు ఉన్నాడు, టౌన్‌షిప్ రోడ్లు ఊడ్చేవాళ్ళు, మొక్కలకు నీళ్ళు పోసేవాళ్ళు, అందరూ జీతాల పట్టీలో ఉన్నారు కాబట్టి కార్మికులే. వాళ్ళ లెక్కలో కొలిమి దగ్గర నిలబడేవాడు ఒక్కడే, మిగతా పనులన్నీ బయట కంపెనీలవి. ఒకచోట ఊరినంతా లెక్కపెట్టి, ఇంకోచోట ఒక గదిని లెక్కపెట్టి, పక్కపక్కన నిలబెడితే ఎలాగన్నాడు. మనం వెనకబడే ఉన్నాం, కాదనను, కానీ ఎంత వెనకో నిజం చెప్పండి అన్నాడు.

ఉపన్యాసకుడు తర్వాతి బొమ్మకు వెళ్ళిపోయాడు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. బయటికి రాగానే ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకోబోయారు, వద్దు మొర్రో అని పారిపోయాడు. వారం రోజులు ఆయన టీకి ఎవరూ ఆయన్ని డబ్బులు ఇవ్వనివ్వలేదు. మనోడు మన పరువు నిలబెట్టాడని ఒకటే మాట. ఆయన మాత్రం పరువుకీ దీనికీ సంబంధం ఏమిటని అడిగేవాడు. ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. నాకూ ఆయన అప్పుడు మనవైపు మనిషిగానే కనబడ్డాడు.

కొన్నేళ్ళకు నాకు హథ్‌ఖోజ్‌లో ఉద్యోగం దొరికింది. పది పన్నెండు పోత కార్ఖానాల యజమానులు కలిసి పెట్టుకున్న చిన్న సంఘం అది. ఆ ఆఫీసులో కంప్యూటర్ పని నాది. రిటైరైన బాబాయిని కూడా లెక్కల పట్టికలు వేయడానికి వాళ్ళే పిలిచారు. ఏటా సంఘం సభ జరుగుతుంది. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ కడతారు. ఆ ఏడు సెక్రటరీ సాబ్‌కు ఒక కోరిక పుట్టింది. ఒక్కో మనిషికి మన కార్ఖానాలు తీస్తున్న పోత ఎంత, చైనావాళ్ళు తీస్తున్నది ఎంత, పదిహేనేళ్ళుగా ఎలా మారుతూ వచ్చింది, అన్నీ పట్టీలుగా వేయాలన్నాడు. వేశాం. మన పట్టీ ఏటికేడు పెరుగుతూ వచ్చి చివరికి వాళ్ళ పట్టీని పట్టుకోబోతోంది. సెక్రటరీ సాబ్ ముఖం వెలిగిపోయింది.

బాబాయి ముఖం వెలగలేదు. కొత్త యంత్రాలు రాలేదు, కొలుములు మారలేదు, మరి మనిషికి ఇంత పోత ఎలా పెరిగిందని రెండు రోజులు తల పట్టుకున్నాడు. మూడో రోజు ఠేకేదార్ల రిజిస్టర్లు అడిగాడు. వాళ్ళు మన మనుషులు కారు కదా, ఆ రిజిస్టర్లతో మీకేం పని అన్నారు యజమానులు. ఆయన వాదించలేదు. మర్నాటి నుంచి పొద్దున్నే వచ్చి ఒక్కో కార్ఖానా గేటు ఎదురుగా పాన్ కొట్టు బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. లోపలికి వెళ్ళే టిఫిన్ డబ్బాలు లెక్కపెట్టేవాడు. లోపల పనిచేసే ప్రతివాడూ మధ్యాహ్నం తినాలి కదా, కాబట్టి డబ్బాకొక మనిషి. అయిదు డబ్బాలకో కట్టగా ఎర్ర గీతలు గీసుకుంటూ రెండు వారాలు అలా కూర్చున్నాడు. మా అమ్మ పనిచేసే గేటు వంతు వచ్చిన రోజు, ఆఫీసుకొచ్చి కాగితం చూపిస్తూ ఇదిగో ఎర్ర గుడ్డ కట్టిన డబ్బా అని ఒక గీత మీద పెన్సిలు ఆనించాడు. అది మా అమ్మ. నాకెందుకో సిగ్గేసింది. ఎందుకు సిగ్గేసిందో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

సంగతేమిటంటే, కార్ఖానా మనుషులు ఒక్కొక్కరే రిటైరవుతున్నారు. వాళ్ళ చోట ఠేకా మనుషులు వస్తున్నారు. పోత అంతే ఉంటోంది, లెక్కలో మనుషులు తగ్గుతున్నారు, పట్టీ పెరుగుతోంది. ఇంతే ఆ అభివృద్ధి. బాబాయి పట్టీ నెత్తిన సుక్క పెట్టి, ఈ లెక్కలో ఠేకా మనుషులు లేరు, కలిపితే పట్టీ బాగా దిగుతుంది అని కింద రాయించాడు. చైనా పట్టీకి కూడా సుక్క పెట్టించాడు. వాళ్ళ ఠేకా మనుషులు ఆ లెక్కలో ఉన్నారో లేదో మనకు తెలియదు, తెలియదని రాయమన్నాడు.

ఆయన టీకి వెళ్ళినప్పుడు సెక్రటరీ సాబ్ వచ్చి, ఆ కింద వాక్యాలు తీసేసి ఫ్లెక్సీకి పంపమన్నాడు. గట్టిగా కూడా అనలేదు. నేను తీసేశాను. ఒక్క మీట నొక్కితే పోయింది. ఉద్యోగం కొత్త, ఇల్లు నా మీద ఆధారపడి ఉంది, ఇవన్నీ నిజాలే. కానీ నొక్కే ముందు ఒక్క క్షణం ఆగలేదు, అది కూడా నిజమే.

సభ రోజు ఫ్లెక్సీ రెపరెపలాడుతోంది. సుక్కలు లేవు. సెక్రటరీ సాబ్ మైకు ముందు చైనా పేరు ఎత్తగానే చప్పట్లు మొదలయ్యాయి. బాబాయి లేచి తిన్నగా వేదిక ఎక్కాడు. చెవి మీది పెన్సిలు తీసి పట్టీ నెత్తిన సుక్క పెట్టబోయాడు. ఫ్లెక్సీ మీద పెన్సిలు పడదు. మళ్ళీ రుద్దాడు, మళ్ళీ జారింది. కింద నవ్వులు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

పెన్సిలు చెవి మీద పెట్టేసుకుని, ఆయన అరచెయ్యి విప్పి ఆ పట్టీ మీద ఆనించాడు. నడుమెత్తు కంటే కిందికే. మైకు దాకా వెళ్ళకుండానే, ఠేకా మనుషులను కలిపితే మన పట్టీ ఇక్కడిదాకానే వస్తుందని హిందీలో చెప్పాడు. దిగిపొమ్మన్నారు. దిగలేదు. ఎవరో రెక్క పట్టుకున్నారు. పెద్దవాడు, లాగలేక వదిలేశారు. సెక్రటరీ సాబ్ ఉపన్యాసం కొనసాగించాడు. వెనకాల, కొంచెం నడుం వంచి, పట్టీ మీద చెయ్యి తియ్యకుండా ఈయన. ఒక యజమాని మాట్లాడాడు, ఇంకో యజమాని మాట్లాడాడు, సన్మానాలు జరిగాయి. టీ విరామం దాకా ఆ చెయ్యి అక్కడే ఉంది. ఫొటోలన్నిటిలోనూ పడింది. ఆ ఫొటోల్లో ఒక్కటీ సంఘం వాళ్ళు అచ్చు వేయలేకపోయారు. అది తలుచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ కడుపు చల్లబడుతుంది.

కిందికి దిగి తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. చెయ్యి పిసుక్కుంటున్నాడు, తిమ్మిరెక్కినట్టుంది. నేనే తీసేశాను బాబాయ్ అన్నాను. తెలుసన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. లెక్కల్లో సందేహం వస్తే అడిగే గొంతుతోనే అడిగాడు.

"నాకోటి సెప్పమ్మా. ఆ పట్టీలోన మీ అమ్మ నేదు. సైనావోడి పట్టీలోన ఎలాగూ ఉండదు. మరి పొద్దున్న డబ్బా కట్టుకుని ఎల్లి, మీ అమ్మ ఏ దేశంలోన పన్జేస్తంది?"

చెంప మీద కొట్టినా బాగుండేది.

ఆయన్ని మర్నాటి నుంచి రావద్దన్నారు. అది ఊహించిందే. ఊహించనిది టీ కొట్టు. అప్పట్లో భుజాల మీదికి ఎత్తుకోబోయినవాళ్ళే పక్కకు జరిగి కూర్చున్నారు. మన ఊరి పరువు తీశాడన్నారు. చైనావాడు ఎంత ఇచ్చాడో అని కూడా ఒకడు అన్నాడు. ఆ అన్నవాడి కొడుకు ఠేకా మీదే పనిచేస్తున్నాడు. బాబాయి తన టీ తాను తాగి లేచాడు. వెంట నడుస్తుంటే నాతో అన్నాడు.

"అప్పుడు అంకె మనల్ని తిట్టింది, నాను ఏ మనిషని అడిగితే సప్పట్లు కొట్టినారు. ఇప్పుడు అంకె మనల్ని పొగిడింది, అదే అడిగినాను. నాను మారనేదు కదమ్మా?"

తర్వాత చాలా ఏళ్ళు అదే టీ కొట్టుకు, అదే వేళకు వెళ్ళాడు. చివరి మూడు నెలలు తప్ప. ఆ మూడు నెలల్లో ఒకసారి, డాక్టరు నాడి ఎంతుందో చెప్పినప్పుడు ఏ చేతిదని అడిగాడట. పిన్ని చెప్పింది. చెబుతూ నవ్వింది, తర్వాత కొంగు నోట్లో కుక్కుకుంది.

ఈ ఏడు సంఘం పట్టికలు వేసేది నేనే. సెక్రటరీ సాబ్ ఆయనే, ఫ్లెక్సీ కోరిక కూడా పాతదే. వీడియో వచ్చిన మర్నాడు నేను ఆఫీసుకు గంట ముందు బయల్దేరాను. మొదటి గేటు ఎదురుగా పాన్ కొట్టు బల్ల ఇప్పటికీ ఉంది. డబ్బాలు లెక్కపెట్టాను. ఇప్పుడు కొందరు ప్లాస్టిక్ సంచుల్లో తెచ్చుకుంటున్నారు, వాటినీ కలిపాను. అన్ని గేట్లూ అయ్యేసరికి రెండు వారాలు పట్టింది. ఈసారి ఠేకా మనుషుల సంగతి కింద వాక్యంగా రాయలేదు. మీట నొక్కితే పోయేది నాకొద్దు. ఠేకా మనుషులను నేరుగా లెక్కలో కలిపి పట్టీ గీశాను. పాత ఏళ్ళకు బాబాయి ఎర్ర గీతల కాగితాలూ, రిటైరైనవాళ్ళ జాబితా పట్టుకుని అంచనా వేశాను. బాబాయి చెయ్యి ఆనించిన చోటికి ఇంకో బెత్తెడు కిందికి వచ్చింది. ఆయనుంటే తన అంచనా తప్పిందని ఒప్పుకుని, ప్లాస్టిక్ సంచుల మీద ఒక సుక్క పెట్టమనేవాడు. పెట్టాను. చైనా పట్టీ కింద తెలియదు అని రాశాను.

నిన్న సెక్రటరీ సాబ్ పిలిచాడు. మన పట్టీ ఇంతలా ఎందుకు తగ్గిపోయిందని అడిగాడు. తగ్గలేదు సాబ్, బయట నిలబెట్టిన మనుషులు లోపలికి వచ్చారు అన్నాను. పట్టిక కాగితం టేబుల్ మీద పడేశాడు. ఆ ముసలాడు ఇంకా పోలేదన్నమాట అన్నాడు. లేదన్నాను. పాత లెక్కతో మళ్ళీ వేస్తావా, ఇంకొకర్ని చూసుకోమంటావా అని అడిగాడు. చూసుకోండి, కానీ వాళ్ళు మాత్రం నా ముందు లెక్కపెట్టాలి, నేనూ గేటు ఎదురుగా పాన్ కొట్టు బల్ల మీదే కూర్చుంటాను అన్నాను. ఆ కాగితం మీద, మన పట్టీ దగ్గర, చెయ్యి ఆనించాను. బయటికి వచ్చేదాకా తీయలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ వాకిట్లో కూర్చుని భుజానికి నూనె రాసుకుంటోంది. తట్టలు మోసిన భుజం, ఇప్పుడు చెయ్యి పైకి లేవదు, పని మానేసి రెండేళ్ళయింది. జరిగిందంతా చెప్పాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు గానీ, నువ్వు మానేసిన ఏడు దాకా ప్రతి ఏడూ లెక్కలో ఉన్నావని చెప్పాను. ఉద్యోగం సంగతి అడుగుతుందనుకున్నాను. నూనె గిన్నె పక్కకు పెట్టింది. ఆ సభ రోజు బాబాయి నన్నడిగిన ప్రశ్న ఎప్పుడో ఒకసారి చెప్పాను, మరిచిపోయిందనుకున్నాను.

"ఏ దేశంలోన ఎట్టినావే నన్ను?"

"ఇక్కడేనమ్మా."

భుజం నా వైపు తిప్పి, నూనె రాయమంది.